మదర్‌బోర్డు దోషసంకేతాలు: చరిత్ర, పఠనపద్ధతి, తెలుగు స్థానం

వ్యాససంగ్రహం: కొత్తగా కూర్చిన కంప్యూటరు తెర వెలగకుండానే ఆగిపోయినప్పుడు మదర్‌బోర్డు తన స్థితిని శబ్దం, అంకె, దీపం వంటి సంకేతాలతో తెలుపుతుంది. 1981 నుంచి ఈ సంకేతాలు పొందిన పరిణామాన్ని పరిశీలించడం, అవి లోపకారణాన్ని కాక పని ఆగిన స్థానాన్ని సూచిస్తాయని నిరూపించడం, ఈ వ్యవస్థలో తెలుగు స్థానాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మదర్‌బోర్డు, దోషసంకేతం, స్వీయపరీక్ష, గ్రంథపాతం, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా లభించింది. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థలో మొదలైన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం 2020 నుంచి నెల్లూరు జిల్లా వెంకటాచలంలో ఉంది. శాసనమైనా తాళపత్రమైనా నేడు ప్రచురణకు చేరేది కంప్యూటరు మీదుగానే. ఆ సాధనం ఆగితే పరిశోధనా ఆగుతుంది. కనుక అది తన లోపాన్ని ఏ విధంగా, ఏ భాషలో చెబుతుందన్న ప్రశ్న భాషాధ్యయనపరులకు కూడా సంబంధించినదే.

గ్రంథపాతం అనే మాట తాళపత్ర పరిష్కర్తలకు సుపరిచితం. ప్రతిలోని ఖాళీ, పాఠం ఎక్కడ లోపించిందో చూపుతుంది. లోపించిన పాఠమేదో, ఎందుకు లోపించిందో చెప్పదు. ఆ నిర్ణయం ప్రత్యంతరాలను పోల్చి చూసే పరిష్కర్తది. మదర్‌బోర్డు దోషసంకేతానిదీ ఇదే స్వభావం.

2. శబ్దం నుంచి అంకెకు

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో, విద్యుత్తు అందగానే బయోస్ అనే అంతర్గత ప్రోగ్రాం భాగాలన్నింటినీ వరుసగా పరీక్షించేది. పోస్ట్ అని వ్యవహరించే స్వీయపరీక్ష ఇదే. అన్నీ సవ్యంగా ఉంటే ఒక పొట్టి బీప్ వినిపించేది. మెమరీలో లోపమైతే 201, కీబోర్డులో అయితే 301, ఫ్లాపీ డ్రైవులో అయితే 601 అనే అంకెలు తెరపై కనిపించేవి. తెరను నడిపే భాగమే పనిచేయనప్పుడు అంకెలకు చోటుండదు. అందువల్ల ఆ లోపానికి ఒక పొడుగు, రెండు పొట్టి బీపులను కేటాయించారు.

1984లో వచ్చిన ఏటీ నమూనా ఈ చరిత్రలో ఒక మలుపు. పరీక్షలోని ఒక్కో దశలో బయోస్ ఒక సంఖ్యను 80హెచ్ అనే పోర్టుకు పంపేది. విస్తరణ స్లాటులో ప్రత్యేకమైన కార్డు అమర్చితే ఆ సంఖ్య రెండు స్థానాల షోడశాంశ రూపంలో కనిపించేది. యంత్రం ఆగిపోతే చివరి సంఖ్య అలాగే నిలిచిపోయేది. కాబట్టి ఈ సంఖ్య దారిలోని మైలురాయి వంటిది. ప్రయాణం ఎంతవరకు సాగిందో చెబుతుంది. ప్రయాణికుడు ఎందుకు ఆగాడో చెప్పదు.

3. ఒకే సంకేతం, పలు అర్థాలు

తర్వాతి కాలంలో ఏఎంఐ, అవార్డ్, ఫీనిక్స్ సంస్థల బయోస్‌లు వ్యాప్తిలోకి వచ్చాయి. ఒక్కో సంస్థ సంకేతాలు ఒక్కో తీరువి. ఏఎంఐ పద్ధతిలో ఎనిమిది బీపులు డిస్‌ప్లే మెమరీ లోపాన్ని సూచిస్తే, అవార్డ్ పద్ధతిలో ఒక పొడుగు, రెండు పొట్టి బీపులు వీడియో లోపాన్ని సూచించాయి. ఫీనిక్స్ విరామాలతో విడదీసిన బీపుల గుంపులను వాడింది. నానార్థ పదాన్ని సందర్భం తెలియకుండా వివరించలేనట్లే, బోర్డు నమూనా, బయోస్ సంస్థ తెలియకుండా సంకేతానికి అర్థం చెప్పడం సాధ్యం కాదు.

4. కొత్త కంప్యూటరులో సంకేత పఠనం

పాత కంప్యూటరు ఆగితే, నిన్నటిదాకా పనిచేసినదేదో చెడిందని అనుకోవచ్చు. కొత్తగా కూర్చినదానికి ఆ ఆధారం లేదు. లోపం భాగంలో ఉండవచ్చు, కూర్పులో ఉండవచ్చు, భాగాల పొంతనలోనూ ఉండవచ్చు. ఏఎంఐ ఆధారిత బోర్డుల్లో 55 అనే సంకేతానికి నిఘంటువు చెప్పే అర్థం "మెమరీ అమర్చలేదు" అని. మెమరీ కళ్లెదుటే ఉన్నా ఈ సంకేతం రావచ్చు. ర్యామ్ స్లాటులో పూర్తిగా దిగకపోవచ్చు. మెమరీని నియంత్రించే భాగం ప్రాసెసర్‌లోనే ఉన్నందున సాకెట్టులో ఒక పిన్ను వంగినా ఇదే ఫలితం. అలాగే డి6 సంకేతానికి అర్థం చిత్రాన్ని చూపే పరికరం దొరకలేదని. గ్రాఫిక్స్ కార్డు లోపించినా, అది స్లాటులో సరిగా కూర్చోకపోయినా అదే సంకేతం.

నేటి అనేక బోర్డుల్లో ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే, బూట్ దశలకు నాలుగు చిన్న దీపాలుంటాయి. ఆగిన దశ దీపం వెలుగుతూనే ఉంటుంది. అయితే డీడీఆర్5 మెమరీ ఉన్న కొత్త కంప్యూటరు తొలిసారి తన మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. దీన్ని లోపంగా భావించి విద్యుత్తు తీసేస్తే పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

పరిశీలనకు క్రమం అవసరం. విద్యుత్తు తొలగించి, ప్రాసెసర్‌కు వెళ్లే విద్యుత్ తీగను సరిచూడాలి. తయారీదారు కరదీపిక సూచించిన స్లాటులో ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచాలి. సీమాస్‌లో నిలిచిన అమరికలను చెరిపేయాలి. తర్వాత ఒక్కో భాగాన్నే చేరుస్తూ సంకేతం ఎప్పుడు మారిందో గమనించాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏ మార్పు ఫలించిందో తెలియదు. ప్రత్యంతరాలను ఒక్కొక్కటిగా సరిపోల్చే పరిష్కర్త క్రమశిక్షణ ఇక్కడా వర్తిస్తుంది.

5. తెలుగు స్థానం

తెలుగు మొదట్లో పర్సనల్ కంప్యూటరులోకి వచ్చిన మార్గాల్లో ఒకటి మదర్‌బోర్డు స్లాటే. 1980ల చివర సి-డాక్ ప్రచారంలోకి తెచ్చిన జిస్ట్ కార్డును అందులో అమర్చితే డాస్ తెరపై భారతీయ లిపులు కనిపించేవి. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు చోటు దక్కింది. 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం నిర్దేశాలు బయోస్ స్థానంలోకి వచ్చిన వ్యవస్థకూ యూనికోడ్‌నే ఆధారం చేశాయి. కానీ వాటిలోని సరళ అక్షరరూప పద్ధతి ఒక్కో సంకేతానికి 8×19 లేదా 16×19 చుక్కల గడి ఇస్తుంది. ఇంగ్లీషు, చైనా లిపులు ఆ గడుల్లో ఇముడుతాయి. "స్త్రీ" వంటి సంయుక్తాక్షరానికి ఒత్తులను, గుణింతాన్ని కలిపి రూపమిచ్చే ప్రక్రియ కావాలి. విడివిడి గడులు దానికి చాలవు.

కంప్యూటరు నడవడం మొదలయ్యాక కూడా తెలుగు దోషసంకేతాలను ఎదుర్కొంటూనే ఉంది. ఫాంటు లేనిచోట ఖాళీ గడి, ఆధారాక్షరం లేని గుణింతం కింద చుక్కల వలయం కనిపిస్తాయి. ఇవీ స్థానసూచకాలే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే రూపం ఐఫోన్లలో అనేక యాప్‌లను ఆపేసింది. జ్ఞకారానికీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం ఉన్న వరుస అది. ఆపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 కూర్పుతో దాన్ని సరిదిద్దింది. అక్కడ ఆగినది యాప్ అయినా, లోపం ఉన్నది అక్షరాలకు రూపమిచ్చే అడుగు పొరలో.

6. ముగింపు

- దోషసంకేతం పని ఆగిన స్థానాన్ని చెబుతుంది. కారణాన్ని పాఠకుడే అనుమాన ప్రమాణంతో సాధించాలి.
- సంకేతార్థం బోర్డును, బయోస్ సంస్థను బట్టి మారుతుంది.
- బీపుకు, అంకెకు భాష లేదు. వాటికి అర్థం చెప్పే కరదీపికకు భాష ఉంది. అది తెలుగులో లేకపోతే బాగున్న ర్యామ్‌ను పారేసి కొత్తది కొనే పరిస్థితి వస్తుంది. పరిమిత నిధులతో నడిచే కళాశాల ప్రయోగశాలకు ఇది చిన్న నష్టం కాదు.
- ప్రాచీన గ్రంథాల లోపాలను చదవడానికి తెలుగులో పదజాలం, పద్ధతి ఉన్నాయి. గ్రంథపాతం, ప్రత్యంతరం వంటి భావనలను యంత్రసంకేతాల వివరణకు విస్తరించి, సంకేతార్థ పట్టికలను తెలుగులో కూర్చడం పరిశోధకులు చేపట్టదగిన పని.