చిలుము కింది రాగి

కృష్ణా డెల్టాలో ముస్లింల చరిత్ర అనగానే పుస్తకాలు కొండపల్లి కోట దగ్గర మొదలై బందరు రేవు దగ్గర ఆగిపోతాయి. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు కోట పట్టుకున్నారు, రేవు నడిపించారు. 1766లో నిజాము ఉత్తర సర్కారుల్ని ఇంగ్లీషు వాళ్లకి రాసిచ్చాడు. అంతే. ఆ తర్వాత మేము మాయమైపోతాం. మళ్లీ కనపడితే అల్లర్ల వార్తల్లోనే కనపడతాం. 1992 డిసెంబరు 6 తర్వాత, మేము చూడని రాజులందరి తరఫునా మమ్మల్నే జవాబు చెప్పమన్నారు.

మేము ఆ రాజుల వారసులం కాదు. మా చరిత్ర కోటలో లేదు. లారీ కింద ఉంది.

ఈ మాట వెటకారానికి అనడం లేదు. బెజవాడ లారీల ఊరు. ఎందుకైంది? 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, వరి పండింది, మిగులు వచ్చింది. భూమి ఉన్న కులాల చేతిలో ఆ మిగులు రైసు మిల్లయింది, సినిమా హాలయింది, లారీ అయింది. మద్రాసు-కలకత్తా రోడ్డూ హైదరాబాదు-బందరు రోడ్డూ ఇక్కడే కలుస్తాయి. పాత లెక్కలో అవి 5, 9 నంబర్లు, 2010 నుంచి 16, 65. లారీ కొనడానికి భూమి కావాలి, పరపతి కావాలి. రెండూ లేని మేము లారీ కిందికి దూరాం.

దూరేముందు మేమేం చేసేవాళ్లం? జట్కాలు తోలేవాళ్లం. గుర్రాలకి నాడాలు కొట్టేవాళ్లం. వీధి వీధి తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్లం. తాళాలు, స్టవ్వులు, పెళ్లిళ్ల పెట్రోమాక్స్ లైట్లు బాగు చేసేవాళ్లం. కళాయి పోసేవాడికి తగరం ఏ వేడికి కరుగుతుందో తెలుసు, లోహం శుభ్రంగా లేకపోతే పూత అంటదని తెలుసు. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-బెంజ్ లారీల తయారీ మొదలైంది. ఆ దశాబ్దంలోనే మద్రాసు నుంచి లేలాండ్లూ వచ్చాయి. డైనమోలూ సెల్ఫ్ మోటార్లూ రోడ్డెక్కినప్పుడు ఈ తెలివి అక్కరకొచ్చింది. వించిపేట, ఇస్లాంపేట, తారాపేట ఇళ్లలోంచి పిల్లలు షెడ్లకి నడిచారు. 1960లలో ఆ షెడ్లు జవహర్ ఆటోనగర్‌కి తరలడం మొదలైంది.

ఆటో ఎలక్ట్రీషియన్ పనిని చిన్న పని అనుకునేవాళ్లు ఒక్కసారి లెక్క చూడండి. లారీలో 24 వోల్టుల కరెంటు. 70 వాట్ల హెడ్‌లైటు దాదాపు మూడు ఆంపియర్లు లాగుతుంది. మధ్యలో ఒక కనెక్టరుకి చిలుము పట్టి ఒక్క ఓమ్ అడ్డుపడితే చాలు, రెండున్నర వోల్టులు అక్కడే పోతాయి. వోల్టేజీ పోయేది పదో వంతే, వెలుగు మాత్రం మూడో వంతు పోతుంది. పోయిన కరెంటు ఊరికే పోదు, వేడై ఆ కనెక్టరునే కరిగిస్తుంది. వెనక లైటు తీగకి ఇదే జరిగితే రాత్రి హైవే పక్కన ఆగిన లారీ కనపడదు. వెనక వచ్చేవాడు గుద్దుకుంటాడు.

మా డెల్టాలో చిలుముకి కొదవ లేదు. సముద్రపు గాలి ఉంది, వానాకాలం బురద ఉంది. కైకలూరు, ఆకివీడు చెరువుల చేపలు హౌరా దాకా లారీల్లో వెళ్లాయి. ఐసు కరిగిన నీళ్లు బాడీ సందుల్లోంచి కారి ఛాసిస్ మీది వైర్లనీ ఎర్త్ బోల్టునీ తినేస్తాయి. చేపల లారీ కిందికి దూరినవాడు ఆ కంపుతోనే ఇంటికొస్తాడు.

బాగుచేత ఎలా?  టెస్ట్ బల్బు పట్టుకుని కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ చస్తోందో వెతకాలి. బల్బు వెలగలేదని బల్బు మార్చేవాడు మేస్త్రీ కాడు, ముందు ఎర్త్ చూడాలి. కోత పెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి, నల్లబడ్డ తీగని మెరిసే రాగి కనపడేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి. చిలుము పైన కొత్త లగ్గు బిగిస్తే వారానికి మళ్లీ తిరిగొస్తుంది. ముందు స్లీవు ఎక్కించి, తర్వాత లగ్గు గట్టిగా నొక్కి, లాగి చూడాలి. మాటు వేయడం వచ్చినా ప్రతిచోటా వేయకూడదు. సీసం ఎక్కిన చోట తీగ బిరుసెక్కుతుంది, లారీ అదురుకి సరిగ్గా దాని అంచునే తెగుతుంది. ఇదంతా మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఉస్తాద్ చెప్పాడు. కొన్నిసార్లు పానాతో చెప్పాడు.

ఆ షెడ్డులో మేమొక్కళ్లమే లేం. కమ్మరి బిడ్డ పట్టీలు సాగగొట్టాడు, మాల మాదిగ బిడ్డలు టైర్లు విప్పారు, బాడీ కట్టింది వడ్రంగి. ఒకే క్యారేజీ మూతలో కూర పంచుకున్నాం. దసరాకి పానాలకీ టెస్టర్లకీ పసుపు కుంకుమ పెడితే పక్కనే నిలబడ్డాం. రంజాన్‌లో మా ఉపవాసం తెలిసి ఎండవేళ బరువు పని తమ మీద వేసుకున్న తోటి పనివాళ్లు ఉన్నారు. లౌకికవాదం మాకు ఉపన్యాసంలో కాదు, ఇక్కడ తెలిసింది. అయితే అక్కడే "మీ పాకిస్తాన్ గెలిచిందా సాయిబూ" అన్న మాటా విన్నాం. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచం.

2006లో సచార్ కమిటీ దేశమంతటి లెక్క చెప్పింది. జీతం ఉద్యోగాల్లో మేము తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ, వాహనాల మరమ్మతు అందులో ఒకటి అంది. 2007 చట్టం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు బీసీ-ఈ జాబితాలో అత్తరు సాయిబులు, ధోబీలు, హజాంలు, ఫకీర్లు, ఖురేషీలు ఉన్నారు. దూదేకుల వాళ్లు అంతకుముందే బీసీ-బీలో ఉన్నారు. ఆ జాబితా మాలో నవాబులే లేరని, వృత్తులున్నాయని, వృత్తుల్లో ఎక్కువ తక్కువలున్నాయని ఒప్పుకుంది. మాలో మేమే దాచుకున్న నిజం అది. అయితే పాత వృత్తులకి పేరుంది. లారీ కింద యాభై ఏళ్లు గడిపిన వృత్తికి పేరు లేదు. మేస్త్రీలంతా "షేక్" అనే ఒక్క మాటలో కలిసిపోయారు.

ఇప్పుడు ఆ వృత్తి కిందికే నీళ్లొచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6. వైరుకి వైరుకీ మధ్య కంప్యూటరు కూర్చుంది. కనెక్టర్లు సీలు వేసి వస్తున్నాయి, తప్పు చెప్పడానికి స్కానరు కావాలి. స్కానరు "ఫలానా సెన్సారు" అంటుంది. చాలాసార్లు చెడింది సెన్సారు కాదు, దాని కాళ్ల దగ్గరి చిలుము. అది కనిపెట్టే చెయ్యి మాది. కానీ ఆ చేతికి సర్టిఫికెట్ లేదు. పదేళ్లకే షెడ్డులో పడ్డవాడికి ఐటీఐ ఎక్కడిది?

అందుకే మేము అడిగేది జాలి కాదు. చేతికొచ్చిన విద్యని పరీక్ష పెట్టి చూడండి, కాగితం ఇవ్వండి. స్కానరు కొనుక్కోవడానికి అప్పివ్వండి. మా పిల్లల్ని షెడ్డుకంటే ముందు బడికి చేరనివ్వండి, ఆ తర్వాత షెడ్డుకి వస్తే ఇంజనీర్లుగా రానివ్వండి. మా వాళ్లకీ ఒక మాట: కోటల గొప్ప చెప్పుకోవడం చాలిద్దాం. ప్రతి పేటలో ముసలి ఉస్తాదులున్నారు. ఎవరి దగ్గర నేర్చారో, ఏ బండి మీద చెయ్యి కాల్చుకున్నారో అడిగి రాసుకుందాం. మేము రాసుకోకపోతే మా గురించి కోటల వాళ్లే రాస్తారు.