పెట్టిందీ మనమే, కొట్టిందీ మనమే: మిషన్ శక్తి కథ

సినిమాల్లో చూస్తుంటాం కదా, నేల మీద నుంచి క్షిపణి వేసి ఆకాశంలో తిరిగే నౌకని కూల్చేస్తారు. నిజంగా అయ్యే పనేనా అంటే, అయింది. పైగా ఆ కథలో మన ఊళ్ల పేర్లే ఎక్కువ. ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పినదాన్ని కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

2019 జనవరి 24న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ44, మైక్రోశాట్-ఆర్ అనే 740 కిలోల ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. రెండు నెలలు తిరిగాక, మార్చి 27న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి లేచిన క్షిపణి దాన్నే ముక్కలు చేసింది. పెట్టిందీ మనమే, కొట్టిందీ మనమే. దానికి మిషన్ శక్తి అని పేరు. క్షిపణి డీఆర్‌డీఓది, దాని వెనక హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలల పని ఉంది. అప్పటి డీఆర్‌డీఓ ఛైర్మన్ జి. సతీష్ రెడ్డి నెల్లూరు జిల్లా మనిషి.

ఆ క్షిపణి పేలి కొట్టేది కాదు, గుద్ది కొట్టేది. సుమారు 280 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకు పైగా పోతుంటుంది. నిజ్వా నుంచి మస్కట్‌కి కారులో మనకి గంటన్నర పడుతుంది, దానికి ఇరవై సెకన్లు చాలు. వెంటపడి అందుకోలేం. అది ఏ క్షణానికి ఎక్కడ ఉంటుందో ముందే లెక్కగట్టి ఎదురెళ్లాలి. చివర్లో ఇన్‌ఫ్రారెడ్ కన్ను దారి సరిచేస్తుంది. అమెరికా, రష్యా, చైనా తర్వాత ఈ పని చేసి చూపించిన నాలుగో దేశం మనది. గర్వపడటంలో తప్పేం లేదు.

అయితే పగిలిన ముక్కల సంగతి కూడా చెప్పుకోవాలి. 2007లో చైనా 860 కిలోమీటర్ల ఎత్తులో తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని కొడితే, లెక్కకి అందినవే మూడు వేలకు పైగా ముక్కలయ్యాయి. అంత ఎత్తున గాలి దాదాపు ఉండదు, అందుకే చాలా ముక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మనవాళ్లు తక్కువ ఎత్తు ఎంచుకున్నది అందుకే. 45 రోజుల్లో అన్నీ పడిపోతాయన్నారు. చాలావరకు నెలల్లో పడిపోయాయి కూడా. కానీ 24 ముక్కలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కన్నా పైకి ఎగిశాయని నాసా అధిపతి అప్పుడే చెప్పారు. ఆఖరివి పడేసరికి 2022 వచ్చింది.

నిజ్వాలో ఉంటున్నవాళ్లు ఫలజ్ దారిస్ చూసే ఉంటారు, 2006లో యునెస్కో జాబితాకెక్కిన కాలవ. ఒమన్‌లో ఈ ఫలజ్‌ల నీళ్లు వంతుల ప్రకారం పంచుకుంటారు. వెనకటికి పగలు నీడని బట్టి, రాత్రి నక్షత్రాల్ని బట్టి ఎవరి వంతు ఎంతసేపో తేల్చేవాళ్లు. పైన ఒకడు చెత్త పడేస్తే కింద అందరి తోటలకీ నష్టం. మన ఊరి చెరువు కాలవైనా అంతే కదా. భూమి చుట్టూ ఉపగ్రహాలు తిరిగే దారులు కూడా అలాంటి ఉమ్మడి కాలవే. ఒమన్ తన తొలి ఉపగ్రహం అమాన్-1ని అందులోకి వదిలింది 2023లో. చెత్త వేసినవాళ్లు ఎవరైనా, తప్పుకుంటూ తిరగాల్సింది అందరూ.

2021 నవంబరు 15న రష్యా నేల మీది నుంచి క్షిపణి వేసి తన పాత ఉపగ్రహాన్ని పగలగొట్టింది. అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఏడుగురూ తమ నౌకల్లోకి వెళ్లి తలుపులు మూసుకోవాల్సి వచ్చింది. అందులో రష్యా వాళ్లూ ఉన్నారు. రాజాచారి కూడా ఉన్నాడు, హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రి కొడుకు. నాలుగు రోజుల కిందటే డ్యూటీకి చేరాడు. పనికెళ్లిన చోట, ఎవరో ఎక్కడో తీసుకున్న నిర్ణయానికి తలదాచుకోవడం ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా?

2022 డిసెంబరులో ఇలాంటి పగలగొట్టే పరీక్షలు చేయొద్దని ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెడితే 155 దేశాలు అవునన్నాయి, 9 కాదన్నాయి, 9 తటస్థంగా ఉన్నాయి. భారత్ తటస్థుల్లో ఉంది. ఉత్త మాట కాదు, అందరినీ కట్టిపడేసే ఒప్పందం కావాలన్నది మనదేశం వాదన. అందులో న్యాయం ఉంది. కానీ కొట్టగలమని చూపించాం కాబట్టి, ఇక కొట్టం అని మాటివ్వడానికి మనకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? నా మట్టుకు నాకు, మిషన్ శక్తిలో ఇంకా మిగిలిపోయిన పని అదే.