చప్పుడు చెయ్యని ఫిరంగి

ఫిరంగి అన్నాక చప్పుడు చెయ్యాలి కదా! అబ్బే, మందు అక్కర్లేదు, మోత ఉండదు, కరెంటుంటే చాలు, గుండు దూసుకుపోతుంది అన్నారొక ప్రొఫెసరు గారు, 1901లో. ఆయన పేరు క్రిస్టియన్ బిర్కెలాండ్. ఉండేది నార్వే రాజధాని ఆస్లోలో. అప్పట్లో దాన్ని క్రిస్టియానియా అనేవారు.

నిజానికి ఆయన మనసు ఫిరంగి మీద లేదు. ధ్రువప్రాంతాల్లో రాత్రిపూట ఆకాశంలో ఆకుపచ్చని తెరల్లా ఊగే వెలుగులున్నాయే, వాటి గుట్టు తెలుసుకోవాలని తపన. అందుకు మంచుకొండల మీద మకాం వెయ్యాలి. డబ్బు కావాలి. ఫిరంగి అమ్మితే డబ్బొస్తుంది!

దాని కిటుకు మన గుమ్మంలోనే ఉంది. టింగ్ టాంగ్ మనే కాలింగ్ బెల్ లోపల రాగితీగ చుట్ట ఉంటుంది. మీట నొక్కగానే ఆ చుట్ట అయస్కాంతమై, ఇనప కడ్డీని లోపలికి గుంజుకుంటుంది. కడ్డీ వెళ్ళి రేకుకి కొట్టుకుంటుంది. బిర్కెలాండ్ గొట్టం పొడుగునా ఇలాంటి చుట్టలే వరసగా పేర్చారు. గుండు మొదటి చుట్టలోకి రాగానే దాని కరెంటు ఆగిపోవాలి. లేకపోతే అదే మళ్ళీ వెనక్కి లాగుతుంది! అప్పుడు తర్వాతి చుట్ట అందుకుంటుంది. అలా చుట్టచుట్టకీ వేగం పెరుగుతుంది.

కంపెనీ పెట్టారు. వాటాలు అమ్ముడుపోయాయి. 1903లో యూనివర్సిటీ హాలులో పెద్దలందరి ముందూ ప్రదర్శన. మీట నొక్కారు. అంతే! కళ్ళు చెదిరే మెరుపు, చెవులు చిల్లులుపడే మోత, ఫిరంగి మూతిలోంచి మంట! షార్ట్ సర్క్యూట్. ఆడవాళ్ళు కెవ్వుమన్నారని చెప్పుకుంటారు. మగవాళ్ళు మాత్రం బండరాళ్ళలా కూర్చున్నారా ఏం?

గుండు గురి తప్పలేదు. కానీ చప్పుడు చెయ్యని ఫిరంగి అంత చప్పుడు చేశాక కొనేదెవరు? వాటాలు చిత్తుకాగితాలయ్యాయి.

ఆ ఏడాదే ఒక విందులో సామ్ ఐడె అనే ఇంజనీరు తారసపడ్డారు. గాల్లో బోలెడంత నత్రజని ఉంది, దాన్ని ఎరువుగా మార్చాలంటే భూమ్మీద ఎక్కడా లేనంత పెద్ద మెరుపు కావాలన్నారు. “నా దగ్గరుందిగా!” అన్నారట ఈయన. హాలంతా హడలగొట్టిన మెరుపులాంటిదే కొలిమిలో కుదురుగా వెలిగింది. 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. జలపాతాల కరెంటుతో గాలినుంచి ఎరువు తయారైంది.

చంపడానికి పుట్టింది అన్నం పెట్టిందని ఇక్కడే ఆపేస్తే బాగుండును. కానీ నైట్రేటుకి పొలమూ ఒకటే, మందుగుండూ ఒకటే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సరుకు రెండువైపులకీ, అంటే పొలాలకీ ఫిరంగులకీ కూడా వెళ్ళింది.

బిర్కెలాండ్ 1917లో, యాభై ఏళ్ళైనా నిండకుండా, టోక్యోలో ఒక హోటలు గదిలో ఒంటరిగా కన్నుమూశారు. ధ్రువకాంతులకి మూలం సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్కణాలేనని ఆయన అంటే నమ్మనివాళ్ళే ఎక్కువ. 1960ల తర్వాత ఉపగ్రహాలు వెళ్ళి చూసి, ఆయన ఊహ సరైన దారిలోనే ఉందన్నాయి. 1994లో నార్వే 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది.

వాటాలు చెల్లని మనిషి, నోటు మీద చెల్లారు!