మిద్దెకు పిట్టగోడ, బిడ్డకు టీకా

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో మనం తొందరగా దాటిపోయే ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి. గోడ లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి యజమానిదే. తన ప్రజలను కాపాడతానని వాగ్దానం చేసిన దేవుడే ఈ గోడ కూడా కట్టమన్నాడు. ఆ గోడ ఇంటివారి కోసమే కాదు, ఆ మిద్దె ఎక్కే ప్రతి ఒక్కరి కోసం. టీకా కూడా అలాంటి గోడే.

బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన మండలాల్లోను, అటు గుడివాడ, ఇటు దివిసీమ సంఘాల్లోను టీకాలు తప్పిపోతున్న పిల్లలు రెండు రకాల ఇళ్ళలో మాకు కనిపిస్తున్నారు. ప్రార్థన ఉండగా సూది ఎందుకు అనే ఇళ్ళు కొన్నే. వద్దనకపోయినా మరచిపోయే ఇళ్ళు ఎక్కువ. కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన తల్లి బిడ్డతో అత్తవారింటికి వస్తుంది, టీకాల కార్డు పుట్టింటి బీరువాలో ఉండిపోతుంది. చేపల చెరువుల మీద కాపలాకు, హైదరాబాదులో కట్టడం పనులకు వెళ్ళిన కుటుంబాలకు అక్కడ టీకాలు ఏ రోజు వేస్తారో తెలియదు. మొదటి మూడు నెలల సూదులు పడతాయి గాని, తొమ్మిదో నెలవి, ఏడాదిన్నరవి తప్పిపోతాయి.

విశ్వాసానికి విరోధమా?

పౌలు తోటి సేవకుడు లూకా వైద్యుడు. హిజ్కియా కన్నీటి ప్రార్థన ఆలకించిన దేవుడు అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కూడా వేయించాడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు అని సాతాను చెప్పినప్పుడు మన ప్రభువు దూకలేదు. దేవుణ్ణి నమ్మడం వేరు, ఆయనను శోధించడం వేరు. బిడ్డకు టీకా వేయించి ప్రార్థించే తల్లి అల్పవిశ్వాసి కాదు.

ఈ వాదన కొత్తదీ కాదు. 1721లో బోస్టన్ పట్టణంలో మశూచి వ్యాపించినప్పుడు, రోగం రాకముందే కొద్దిపాటి మశూచి చీమును ఒంటికి ఎక్కించే పద్ధతిని కాటన్ మాథర్ అనే పాదిరి సమర్థించాడు. అది ఆయనకు తెలిసింది ఆయన ఇంట బానిసగా ఉన్న ఒనేసిము అనే ఆఫ్రికా మనిషి వల్ల. కోపించినవారు మాథర్ ఇంట్లోకి బాంబు కూడా విసిరారు. ఆ పద్ధతిలో ప్రమాదం ఉండేది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ చూపిన ఆవుమశూచి టీకా దానికంటే క్షేమకరమైన దారి అయింది. నేడు మశూచి భూమి మీదనే లేదు.

మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో కనిపించింది. ఇందులో తెలుగువారి పాలు కూడా ఉంది. హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి వచ్చి సామాన్యుడికి అందని ధరలో ఉన్న రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేసి తక్కువ ధరకు అందించింది.

ఏ వయసులో ఏ టీకా?

కింద చెప్పినవన్నీ ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. మన రాష్ట్రంలో సాధారణంగా బుధ, శనివారాలు టీకాల రోజులు. ఉపకేంద్రంలోనో అంగన్‌వాడీలోనో ఏ.ఎన్.ఎం. వేస్తారు.

పుట్టగానే: క్షయ నుంచి కాపాడే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఈ చివరిది 24 గంటల్లోపే పడాలి. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు రోగం అంటకుండా అడ్డుకొనేది అదే.

6 వారాలకు: పెంటావలెంట్, రోటా చుక్కలు, పోలియో చుక్కలు, పోలియో ఇంజెక్షన్, నిమోనియాను అడ్డుకొనే నిమోకోకల్ టీకా. పెంటావలెంట్ ఒక్కటే అయిదింటికి అడ్డు: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే క్రిమి తెచ్చే నిమోనియా, మెదడు పొరల వాపు. రోటా చుక్కలు పసిపిల్లల ప్రాణాలు తీసే విరేచనాలకు. 2016లో దేశంలో వీటిని మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి.

10 వారాలకు: పెంటావలెంట్, రోటా, పోలియో చుక్కలు రెండోసారి.

14 వారాలకు: పెంటావలెంట్, రోటా, పోలియో చుక్కలు మూడోసారి, పోలియో ఇంజెక్షన్, నిమోకోకల్ రెండోసారి.

9 నెలలు నిండాక: తట్టు, రుబెల్లాలకు ఎం.ఆర్. మొదటి డోసు, నిమోకోకల్ బూస్టర్, పోలియో ఇంజెక్షన్ మూడోసారి, విటమిన్-ఎ ద్రావణం.

16 నుంచి 24 నెలల మధ్య: ఎం.ఆర్. రెండో డోసు, డి.పి.టి. మొదటి బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్. ఇక్కడి నుంచి అయిదేళ్ళు నిండేవరకు ఆరు నెలలకోసారి విటమిన్-ఎ.

5–6 ఏళ్ళకు డి.పి.టి. రెండో బూస్టర్. 10 ఏళ్ళకు ఒకసారి, 16 ఏళ్ళకు ఒకసారి ధనుర్వాతం, కంఠసర్పిలకు టి.డి. ఇంజెక్షన్.

కొన్ని జిల్లాల్లో వీటితోపాటు జపనీస్ మెదడువాపు టీకా కూడా ఇస్తారు. గవదబిళ్ళలు, ఆటలమ్మ, టైఫాయిడ్ వంటి వాటికి పిల్లల వైద్యులు మరికొన్ని టీకాలు సూచిస్తారు. స్తోమత ఉన్నవారు వైద్యుని అడిగి వేయించుకోవచ్చు. అవి కొనలేమని దిగులుపడి ఉచితంగా వచ్చేవాటిని మానుకోవద్దు.

తట్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తట్టు వస్తే అమ్మవారు అని గుమ్మానికి వేపాకు కట్టి, ఆసుపత్రికి తీసుకువెళ్ళని అలవాటు కొన్ని విశ్వాసుల ఇళ్ళలో కూడా ఇంకా పోలేదు. అది గాలి ద్వారా అంటుకొనే వైరస్. టీకా లేనివారి మధ్య ఒక్క రోగి 12 నుంచి 18 మందికి అంటించగలడు. అందుకే ఊరిలో వందకు 95 మంది పిల్లలకైనా రెండు డోసులూ పడాలంటారు. అప్పుడే తొమ్మిది నెలలు నిండని పసికందుకు, క్యాన్సర్ చికిత్సలో ఉండి ఈ టీకా వేయించుకోలేని బిడ్డకు కూడా రక్షణ.

తప్పిపోతే, జ్వరం వస్తే

డోసు తప్పిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టరు, ఆగిన చోటినుంచి కొనసాగిస్తారు. ఆలస్యమైందని ఏ.ఎన్.ఎం. కోప్పడతారేమోనని మానేయవద్దు. కొన్ని టీకాలకు వయసు హద్దు ఉంది: బి.సి.జి. ఏడాదిలోపే, రోటా మొదటి డోసు కూడా ఏడాదిలోపే. కార్డు పోయినా వెళ్ళండి, మరో కార్డు రాసి ఇస్తారు. కొద్దిపాటి జలుబు, దగ్గు టీకాకు అడ్డు కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన తేదీ నుంచే వారాలు లెక్కిస్తారు.

టీకా వేశాక అరగంట అక్కడే ఉండండి. తీవ్రమైన అలెర్జీ బహు అరుదు, వస్తే వెంటనే చూసేవారు దగ్గర ఉంటారు. పెంటావలెంట్, డి.పి.టి. తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర నొప్పి, వాపు మామూలే. మందు ఎంత వేయాలో ఏ.ఎన్.ఎం. చెబుతారు. సూది పడిన చోట రుద్దవద్దు, పసరు గాని బామ్ గాని పూయవద్దు. బి.సి.జి. వేసిన చోట కొన్ని వారాలకు పొక్కు వచ్చి మచ్చగా మిగలడం సహజం. మూర్ఛ, ఎడతెగని ఏడుపు, తగ్గని జ్వరం ఉంటే ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దలలో ఎవరికి?

గర్భిణులకు: గర్భం తెలియగానే ఒక టి.డి., నాలుగు వారాలకు రెండోది. గత మూడేళ్ళలో కాన్పు సమయంలో రెండూ వేయించుకొని ఉంటే ఒక బూస్టర్ చాలు. ఒకప్పుడు బొడ్డు కోసిన కొడవలితో వచ్చిన ధనుర్వాతం మన పల్లెల్లో ఎందరో పురిటి బిడ్డలను తీసుకుపోయింది. ఈ టీకా, ఆసుపత్రి కాన్పులు కలిసి 2015 నాటికి దాన్ని అదుపులోకి తెచ్చాయి. ఎం.ఆర్. టీకా మాత్రం గర్భంతో ఉన్నప్పుడు వేయించుకోకూడదు.

వృద్ధులు, షుగరు, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారు: ఏటా ఫ్లూ టీకా, నిమోకోకల్ టీకా గురించి వైద్యుని అడగాలి. డయాలిసిస్ రోగులకు, ఆసుపత్రుల్లో పనిచేసే మన నర్సు అక్కచెల్లెళ్ళకు హెపటైటిస్-బి తప్పనిసరి. హెచ్.ఐ.వి. ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఏ టీకాకైనా ముందు తమ వైద్యునికి చెప్పాలి.

కుక్క కరిస్తే: సబ్బుతో, పారే నీటితో పావుగంట కడిగి అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే పాత భయం విడిచిపెట్టండి. ఆ మందు ఇప్పుడు లేదు, చేతికే వేస్తారు. డోసులన్నీ పూర్తిచేయాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక మాత్రం దాదాపు ఎవరూ బ్రతకరు.

అడిగే హక్కు

2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకొనే హెచ్.పి.వి. టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేలమంది బాలికలకు వేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని హాస్టళ్ళలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పేదింటి బిడ్డ అయినంత మాత్రాన తల్లిదండ్రులను అడగకపోవడం అన్యాయమే. అయితే ఆ అన్యాయం వల్ల టీకా చెడ్డది కాలేదు. 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. మీ బిడ్డకు ఏ టీకా వేస్తున్నారు, దేనికోసం, తరువాతిది ఎప్పుడు అని అడగండి. అడగడం ఎదిరించడం కాదు.

సంఘం చేయగలిగింది

కాపరులకు మా మనవి. కొత్తగా పుట్టిన బిడ్డ కోసం కృతజ్ఞత కూడికకు వెళ్ళినప్పుడు ప్రార్థన తరువాత ఒక్క మాట అడగండి: "అమ్మా, కార్డు ఎక్కడుంది?" స్త్రీల సమాజంలో ఒక సహోదరి సంఘంలోని అయిదేళ్ళలోపు పిల్లల పేర్లు, తరువాతి టీకా తేదీలు ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. ఆదివారం ప్రకటనల్లో బుధవారం టీకాల రోజని చెప్పడానికి అర నిమిషం పట్టదు. వలస వెళ్ళే కుటుంబాన్ని ప్రార్థనతో సాగనంపేటప్పుడు కార్డు సంచిలో పెట్టించండి. సంఘంలో కూర్చోని కుటుంబాలు, కాలువ గట్టున గుడిసెల్లో ఉన్నవారు, ఏ మతం వారైనా, ఆ పుస్తకంలో ఉండవచ్చు. పిట్టగోడ మిద్దె ఎక్కినవాడి మతం అడగదు గదా.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ తరువాతే తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. అవి ముందే ఉంటే ఎందరు మిగిలేవారో వారిని అడగండి. ఈ బుధవారం మీ ఇంటి కార్డు ఒకసారి తీసి చూడండి.