తంగేడు పువ్వు, తంగేడు చెక్క

పోయిన బతుకమ్మకి తంగేడు పూల కోసం మార్కెట్టుకి వెళ్లాం. చిన్న కట్టకి చెప్పిన ధర విని మా అమ్మాయి, "అమ్మా, ఇది అడవి మొక్కే కదా, ఎవరూ నాటకుండానే పెరుగుతుందన్నావు!" అంది. నిజమే. మా ఊళ్లో చెలకల గట్ల మీద, గుట్టల కింద పసుపు ఆరబోసినట్టు పూసేది. పండగ ముందు రోజు గంపలకొద్దీ తెంపుకొచ్చేవాళ్లం. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అయింది.

కానీ ఒకప్పుడు తంగేడుకి విలువ పువ్వుని బట్టి కాదు, చెక్కని బట్టి. ఇంగ్లీషులో దాన్ని 'టానర్స్ కాసియా' అంటారు. అంటే తోళ్లు ఊనేవాళ్ల మొక్క అని.

తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందింది. పల్చటి కాయలు చూస్తేనే ఆ పోలిక తెలుస్తుంది. బెరడు నిండా వగరు, అదే టానిన్. పచ్చితోలు కుళ్లకుండా కాపాడేది అదే. ఊళ్లలో మాదిగ కుటుంబాలవాళ్లు తోలుని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, శుభ్రంగా కడిగి, తంగేడు చెక్క దంచి వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవాళ్లు. చెప్పులే కాదు, బావిలోంచి నీళ్లు తోడే మోట బొక్కెన కూడా ఆ తోలుతోనే. ఆ రోజుల్లో మడి తడిసిందంటే, అన్నం ఉడికిందంటే, వెనక ఒక లంద ఉన్నట్టే.

పందొమ్మిదో శతాబ్దంలో ఇదే పని పెద్ద వ్యాపారమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో ఊనిన తోళ్లు 'ఈస్టిండియా కిప్స్' అనే పేరుతో ఇంగ్లండుకి ఓడలెక్కాయి. తంగేడు తోలు ఎండకి ఎర్రబారుతుంది కాబట్టి చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల కోసం ఈ తోళ్లకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

క్రమంగా రోజులు మారాయి. 1903లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ క్రోమ్ పద్ధతి ప్రయోగాలు మొదలుపెట్టారు. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతైంది. చిత్రమేమిటంటే వాటిల్‌దీ చిక్కుడు కుటుంబమే! ఊళ్లోకి కరెంటు మోటార్లొచ్చాక మోటలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీ చెప్పులొచ్చాక లందలు ఎండిపోయాయి.

నా చిన్నప్పుడు మా నాన్నకి కిర్రుచెప్పులు కుట్టిన తాత మా వాకిలి దాటి లోపలికి వచ్చేవాడు కాదు. దాహమైతే మంచినీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. పండగకి ఆయన భార్య తంగేడు పూలు తెచ్చిస్తే మాత్రం ఆ పూలు నేరుగా దేవుడి గది ముందుకొచ్చేవి. పూలకి లేని అంటు మనుషులకి ఎందుకో నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఎండిన తంగేడు కాయలు తెచ్చాను. గింజ పొట్టు రాయిలా ఉంటుంది. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే మట్టిలో పెట్టాలి. ఎరువులు అక్కర్లేదు, ఎండ చాలు. కొమ్మ కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. అందుకే చెక్క కోసం అన్నేళ్లు నరికినా బతికింది. ఇప్పుడు గట్లు చదును చేసి ప్లాట్లు వేస్తుంటే మాత్రం వేరుతో సహా పోతోంది.

కుండీలో మూడు మొలకలొచ్చాయి. మా అమ్మాయి రోజూ చూసుకుంటోంది. దానికి పువ్వు కథతో పాటు చెక్క కథ కూడా చెప్పాను. మోట బొక్కెన కథ, మా వాకిట్లో దోసిలి పట్టిన తాత కథ, అన్నీ. వచ్చే బతుకమ్మకి ఇవి పూస్తాయో లేదో గానీ, తంగేడు పేరు చెబితే దానికి ఆ తాత కూడా గుర్తుకు రావాలి.