అడ్డపొగ

అడ్డపొగ అనగా చుట్ట యొక్క నిప్పు ఉన్న కొనను నోటి లోపల ఉంచుకొని పొగ త్రాగే అలవాటు. ఇది ఆంధ్ర ప్రదేశ్ ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల గ్రామాలలో కనిపిస్తుంది. పురుషులకంటే స్త్రీలలో ఈ అలవాటు ఎక్కువ. సార్డీనియా, పనామా, కొలంబియా, ఫిలిప్పీన్స్ వంటి చోట్ల కూడా ఇటువంటి అలవాటు ఉన్నట్లు నమోదయినది. నోటి క్యాన్సర్ పరిశోధనలలో అడ్డపొగకు ప్రత్యేక స్థానం ఉన్నది.

అలవాటుకు కారణాలు

గాలికి, నీటికి చుట్ట ఆరిపోకుండా ఉండడం, బూడిద మీద పడకపోవడం, రెండు చేతులతో పని చేసుకొనే వీలు కలగడం ఇందుకు కారణాలుగా చెబుతారు. చాలామంది స్త్రీలు తల్లిని గాని, ఇంటిలోని ఇతర పెద్దలను గాని చూసి దీనిని నేర్చుకుంటారు.

అంగిలిపై ప్రభావం

మామూలుగా పొగ త్రాగేవారిలో అంగిలి క్యాన్సర్ అరుదు. అడ్డపొగలో నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలిని తాకుతాయి. అందువలన అంగిలి తెల్లబడడం, చిన్న లాలాజల గ్రంథుల రంధ్రాల వద్ద ఎర్రని నడిభాగం గల బొడిపెలు లేవడం, తెల్ల మచ్చలు (ల్యూకోప్లేకియా), ఎర్రని ప్రాంతాలు, పుండ్లు, రంగు పెరగడం లేక తగ్గడం వంటి మార్పులు వస్తాయి. మామూలుగా పొగ త్రాగేవారి అంగిలిలో వచ్చే మార్పులను క్యాన్సర్‌కు పూర్వస్థితిగా పరిగణించరు. అడ్డపొగ వలన వచ్చే మార్పులను మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల వర్గీకరణలో క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న స్థితులలో చేర్చారు.

పరిశోధనలు

విశాఖపట్నం ప్రాంతపు వైద్యులు 1950వ దశకంలోనే అంగిలి క్యాన్సర్‌కు, అడ్డపొగకు గల సంబంధాన్ని గుర్తించారు. తరువాత ముంబై లోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫాలీ ఎస్. మెహతా, పి.సి. గుప్తా, డి.కె. దఫ్తరీలు, డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు జె.జె. పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను ఇంటింటికీ వెళ్ళి పరీక్షించారు. ఈ ఫలితాలు 1971లో ప్రచురితమయినాయి. పరీక్షించినవారిలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ త్రాగేవారే.

ఇదే బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారికి అలవాటు మానమని సలహా ఇచ్చి, ఏటా నోటిని పరీక్షించినది. 1986లో వెలువడిన ఈ అధ్యయనం, పొగాకు మానడం వలన కొత్తగా వచ్చే ల్యూకోప్లేకియా తగ్గుతుందని సూచించినది.

గుర్తించడం, అంచనా

తొలి దశలో ఈ మార్పులకు సాధారణంగా నొప్పి ఉండదు. కనుక చాలామంది ఆలస్యంగా వైద్యుని వద్దకు వెళతారు. మంచి వెలుతురులో నోటి అద్దంతో అంగిలిని చూడడమే మొదటి పరీక్ష. టొలుయిడిన్ నీలి రంగు పూయడం వలన అనుమానాస్పదమైన చోటును ఎంచుకోవడం సులభమవుతుంది. నిర్ధారణ మాత్రం చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరిశీలించే బయాప్సీ ద్వారానే జరుగుతుంది. కణాల నిర్మాణంలోని అస్తవ్యస్తతను (డిస్‌ప్లేసియా) స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని విభజిస్తారు. అయితే ఏ మచ్చ క్యాన్సర్‌గా మారుతుందో ఈ విభజన కచ్చితంగా చెప్పలేదు. అందుచేత మచ్చ ఉన్నవారిని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఉండాలి.

కంటితో చూసే పరీక్ష ప్రయోజనం తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలయిన అధ్యయనంలో తేలినది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు నోటిని పరీక్షించిన ప్రాంతాలలో, పొగాకు లేదా మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్లు 2005లో ప్రకటించారు.

నివారణ

అడ్డపొగ మానివేయడమే ప్రధాన నివారణ. మానిన తరువాత కొన్ని మార్పులు తగ్గిపోవచ్చు. రెండు వారాలు దాటినా మానని పుండు గాని, తెల్లని లేక ఎర్రని మచ్చ గాని ఉంటే దంతవైద్యునికి చూపించుకోవాలి.