మూసీ చెప్పిన లెక్క



ఇంటిపన్ను కాగితం రాగానే మన ఇళ్ళల్లో వినబడే మాట ఒకటుంది. "సర్కారుకి ఇదంతా కట్టడమెందుకు? ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కుంటే పోలా?" ఇల్లు నడిపేవాళ్ళం కదా, లెక్క చూసుకునే మాట్లాడుకుందాం.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. సుమారు 15,000 మంది పోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఓ చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఊరికి ఎగువనే వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టాలన్నారాయన. అలా మూసీమీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసీమీద 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. వరదకు అడ్డూ అయ్యాయి, ఊరికి తాగునీరూ ఇచ్చాయి.

ఈ పని ఏ షావుకారైనా చేసేవాడా, చెప్పండి? తాగునీరైతే బిందెకింత అని అమ్ముకోవచ్చు. వరద రాకుండా ఆపడాన్ని ఎవరికి అమ్ముతాడు? డబ్బిచ్చిన ఇల్లు వదిలిపెట్టి, ఇవ్వని ఇల్లు ముంచమని ఏటికి చెప్పలేం గదా! అందరికీ ఒక్కలాగే అందే మేలుకి "పక్కవాళ్ళిస్తార్లే" అని ఎవరికి వారే ఊరుకుంటారు. అందుకే తలా కొంచెం పన్నుగా తీసుకుని చేయాలి. పైగా వరదను పట్టాలంటే జలాశయంలో కొంత చోటు ఖాళీగా ఉంచాలి. నీళ్ళమ్ముకునేవాడు ఆ ఖాళీని నష్టమంటాడు. ఊరికది రక్షణ.

కొనుక్కోవడం సంగతీ చూద్దాం. నల్లా లేని బస్తీలో ట్యాంకరు కోసం బిందెతో నిలబడేది ఆడవాళ్ళూ ఆడపిల్లలే. ఆ పూట పోయిన కూలి, ఆ పూట పోయిన బడి ఏ పద్దులోనూ రాయరు. రాస్తే తెలుస్తుంది, ఏది చవకో.

అలాగని సర్కారు సొమ్మంతా సక్రమంగా ఖర్చవుతోందని నేననను. కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. 2020 అక్టోబరు వానలకి నగరంలో చెరువులూ నాలాలూ ఆక్రమణలతో కుదించుకుపోయిన చోట కాలనీలకు కాలనీలే మునిగాయి. అది అందరి సొమ్ముతో కట్టడం వల్ల వచ్చిన నష్టం కాదు, అందరిదీ కొందరిది కావడం వల్ల వచ్చిన నష్టం.

కనుక పన్ను కట్టండి. కట్టాక మీ వార్డు సభ్యుణ్ణి లెక్క కూడా అడగండి. పాలవాడి దగ్గర అడగమూ?